పాత లారీకి పంపు టైమింగ్ పెట్టడం: సాలూరు నుంచి జయపురం దాకా ఘాటీ ఎక్కే బండ్ల కోసం

ఒడిశాలోని జయపురం, సెమిలిగుడ, రాయగడ షెడ్లకు వచ్చే పాత లారీ డ్రైవరు చెప్పే మాట దాదాపు ఒకటే: "మేస్త్రీ, బండి ఘాటీ ఎక్కట్లేదు. టైమింగ్ కొంచెం చూడండి." చాలాచోట్ల జరిగే పని కూడా ఒకటే. నాజిళ్లకు డీజిల్ తోసే పంపు బోల్టులు వదులు చేసి, పంపును ఒక పిసరు అడ్వాన్స్ వైపు, అంటే డీజిల్ ముందుగా చిమ్మే వైపు తిప్పి, ఇంజిన్ శబ్దం గట్టిపడగానే బిగించేస్తారు. ఆ రోజు బండి చురుగ్గానే లాగుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోవడం, పిస్టన్ నెత్తి పగలడం తర్వాతెప్పుడో జరుగుతాయి కాబట్టి, వాటికీ ఆ పిసరుకీ ఉన్న సంబంధం ఎవరికీ గుర్తుకు రాదు.

టైమింగ్‌ను చెవితో పెట్టకూడదు, డీజిల్ చుక్కతో పెట్టాలి. అదీ మిగతావన్నీ చూశాక, చిట్టచివర పెట్టాలి. పాత టాటా 1210 కానీ, లేలాండ్ కామెట్ కానీ, సిలిండరుకు ఒకటి చొప్పున డీజిల్ తోసే ఎలిమెంట్లు వరసగా ఉండే ఇన్‌లైన్ పంపు బిగించిన ఏ బండికైనా ఈ పద్ధతి పనికొస్తుంది. కామన్ రైల్ బండ్ల జోలికి ఈ పద్ధతితో వెళ్లకండి. వాటిలో డీజిల్ ఎప్పుడు కొట్టాలో కంప్యూటరే చూసుకుంటుంది.

డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ అంటే

పెట్రోలు ఇంజిన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. డీజిల్‌లో ప్లగ్గు లేదు. పిస్టన్ గాలిని పదహారు పదిహేడో వంతుకు నొక్కితే ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను చిమ్మితే అదే అంటుకుంటుంది. కాబట్టి ఇక్కడ మంట ఎప్పుడు పుట్టాలో నిర్ణయించేది పంపు.

చిమ్మిన వెంటనే డీజిల్ అంటుకోదు. చుక్కలు ఆవిరై, గాలితో కలిసి, మంట పుట్టడానికి కొంత వ్యవధి కావాలి. ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే క్రాంక్ ఒక సెకనులో 14,400 డిగ్రీలు తిరుగుతుంది. అంటే 20 డిగ్రీలు తిరగడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లు కూడా కాదు. ఆ కాస్త వ్యవధి దొరకాలనే పిస్టన్ పైకి చేరకముందే డీజిల్ చిమ్మడం మొదలవుతుంది. పిస్టన్ సరిగ్గా పైకి చేరిన స్థానాన్ని షెడ్లలో టీడీసీ అంటారు. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ లారీ ఇంజిన్లలో చాలావాటికి టీడీసీకి 18 నుంచి 26 డిగ్రీల ముందు పంపు మొదలవ్వాలి. మీ ఇంజిన్‌కు ఎంత అన్నది దాని మాన్యువల్‌లోనో, ఇంజిన్ మీది రేకు మీదో చూసి తీసుకోండి. అదే కంపెనీ బండి అయినా మోడల్ మారితే అంకె మారుతుంది. పక్క షెడ్డులో విన్న అంకెతో పని మొదలుపెట్టొద్దు.

అడ్వాన్స్ ఎక్కువైతే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. టకటకమనే గట్టి శబ్దం, స్టార్ట్ చేసేటప్పుడు ఎదురుతన్నడం, బేరింగుల మీద, హెడ్ మీద భారం అందువల్లే. రిటార్డ్ అయితే మంట ఆలస్యంగా పుట్టి, శక్తి పిస్టన్‌కు అందకుండా సైలెన్సర్ దారి పడుతుంది. పికప్ ఉండదు, ఇంజిన్ వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, చల్లని ఇంజిన్ తెల్లపొగ వదులుతుంది.

పంపు ముట్టుకోకముందు

బండి లాగకపోవడానికి టైమింగే కారణం అనుకోవడం తొందరపాటు. పంపు గేర్లతో తిరుగుతుంది, దానంతట అది జారదు. పంపు షాఫ్ట్‌ను ఇంజిన్‌కు కలిపే కప్లింగ్ బోల్టు వదులైనా, పంపు క్యామ్, రోలర్లు అరిగినా, ఎవరో విప్పి బిగించినా తప్ప టైమింగ్ మారదు. అందుకే ముందు ఇవి చూడండి.

గాలి ఫిల్టరు మొదట. రాయగడ, కోరాపుట్ వైపు ఎర్రమట్టి దారుల్లో, క్వారీల్లో తిరిగిన బండికి ఫిల్టరు నిండిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. నల్లపొగకు సగం కారణం అక్కడే దొరుకుతుంది. ఆయిల్ బాత్ ఫిల్టరైతే కింది గిన్నెలో మట్టి పేరుకుని నూనె ముద్దయిందేమో చూడండి.

తర్వాత డీజిల్ ఫిల్టర్లు, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా వచ్చే పైపు. ఎక్కడైనా గాలి లాగుతుంటే బరువు పడ్డప్పుడు బండి చచ్చుబడుతుంది. ఆ తర్వాత ట్యాపెట్లు. రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఎడం, అంటే క్లియరెన్స్, సరిగా లేకుండా టైమింగ్ చూస్తే ఏ లోపం దేనివల్లో తెలియదు.

నాజిళ్లు తప్పకుండా విప్పించి టెస్టర్ మీద పెట్టించాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు. నాజిల్ తెరుచుకునే ప్రెషర్ తగ్గిపోతే డీజిల్ ముందే చిమ్ముతుంది. పంపు సరిగ్గా ఉన్నా ఆ సిలిండరు ఒక్కటే అడ్వాన్స్ అయినట్టు కొట్టుకుంటుంది. ఒక నాజిల్ చుక్కలు కారుతుంటే అదే టకటక, అదే పొగ. ఆ శబ్దం విని పంపును వెనక్కి తిప్పితే మిగతా అయిదు సిలిండర్లూ రిటార్డ్ అవుతాయి. నాజిల్ టెస్టర్ ముందు చెయ్యి పెట్టొద్దు. ఆ ప్రెషర్‌లో చిమ్మే డీజిల్ చర్మం లోపలికి దూరుతుంది. పైకి సూదిపోటులా కనిపించినా లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ బాగున్నా బండి లాగకపోతే, లేదా పంపు విప్పి రిపేరు చేయించి మళ్లీ బిగిస్తుంటే, అప్పుడు టైమింగ్.

కావలసిన సామాను

పానాల సెట్టు, ఇంజిన్ తిప్పడానికి పొడవాటి బారు, టార్క్ రెంచి, డెలివరీ వాల్వ్ హోల్డర్‌కు (పంపు మీద నాజిల్ పైపు బిగించే ముక్కకు) సరిపోయే సాకెట్, కొంగమెడలా వంచిన సన్నని పైపు ముక్క. పాత నాజిల్ పైపును కోసి వంచినా సరిపోతుంది, కానీ మొన సన్నగా, శుభ్రంగా ఉండాలి. శుభ్రమైన డీజిల్, పంపు కన్నా ఎత్తులో వేలాడదీయడానికి అడుగున కొళాయి ఉన్న చిన్న డబ్బా, కొత్త సీలింగ్ వాషర్లు, పోగులు రాని గుడ్డ. షెడ్డు నేల మట్టిదైతే పంపు చుట్టూ ముందు డీజిల్‌తో కడిగి, ఆరనిచ్చి, కింద ఒక పట్టా పరచండి. పంపు లోపలి ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఎడం మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఒక్క ఇసుక రేణువు చాలు దాన్ని పాడుచేయడానికి.

చక్రాలకు రాళ్లు పెట్టండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి, బ్యాటరీ తీగ తీసేయండి. బారు ఇంజిన్‌లో ఉండగా ఎవరైనా సెల్ఫ్ కొడితే చెయ్యి పోతుంది.

ఒకటో సిలిండరు టీడీసీ పట్టుకోవడం

ఇంజిన్ ఎప్పుడూ అది తిరిగే వైపే తిప్పాలి. గుర్తు దాటిపోతే ఊరికే వెనక్కి తెచ్చి ఆపొద్దు. పావు చుట్టు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి గుర్తు దగ్గర ఆపండి. లేకపోతే గేర్ల మధ్య ఉన్న ఎడం మీ లెక్కలో కలిసి ఒకటి రెండు డిగ్రీలు తప్పిస్తుంది.

పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకి వస్తుంది. మనకు కావలసింది కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు. ట్యాపెట్ కవర్ తీయండి. 1-5-3-6-2-4 వరసలో మండే ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటికి జోడీ ఆరు. ఆరో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకోవడం మొదలయ్యే చోట, అంటే రెండు రాకర్లూ ఊగే చోట, ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో పైన ఉంటుంది. అప్పుడు ఒకటో సిలిండరు రాకర్లు రెండూ చేతికి వదులుగా ఆడాలి.

ఇక ఫ్లైవీల్ హౌసింగ్ కిటికీలోనో, ముందు పుల్లీ మీదో ఉన్న గుర్తు చూడండి. పుల్లీ గుర్తును గుడ్డిగా నమ్మకండి. రబ్బరుతో అతికించిన డాంపర్ పుల్లీల్లో పాతబడ్డాక బయటి చక్రం లోపలి బాస్ మీద జారుతుంది. గుర్తు బయటి చక్రం మీద ఉంటే అది చెప్పేదంతా అబద్ధమే.

అనుమానం ఉన్నా, గుర్తు అరిగిపోయినా టీడీసీ మీరే వెతుక్కోవాలి. ఒకటో సిలిండరు టీడీసీ దగ్గర ఉండగా ఒక వాల్వ్ స్ప్రింగ్ తీసి, వాల్వ్ పిస్టన్ మీద ఆనేలా వదలండి. వాల్వ్ కాడకు గట్టి దారం కట్టి పైన కట్టేయడం మరవొద్దు. ఇంజిన్ ఎక్కువ తిరిగితే వాల్వ్ లోపలికి జారిపోతుంది. కాడ మీద డయల్ గేజ్ పెట్టి, క్రాంక్‌ను టీడీసీకి కొంచెం ఇవతల ఒక రీడింగ్ దగ్గర ఆపి పుల్లీ మీద గీత పెట్టండి. టీడీసీ దాటి అదే రీడింగ్ మళ్లీ వచ్చిన చోట రెండో గీత పెట్టండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్య నిజమైన టీడీసీ. ఎక్కడ డయల్ ఆగిందో చూసి చెబుదామంటే కుదరదు. పైన పిస్టన్ చాలా డిగ్రీల పాటు కదలనట్టే ఉంటుంది.

డిగ్రీలు గుర్తు పెట్టడానికి పుల్లీ చుట్టూ టేపు చుట్టి, వచ్చిన కొలతను 360తో భాగించండి. 250 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పుల్లీ చుట్టుకొలత సుమారు 785 మిల్లీమీటర్లు. డిగ్రీకి 2.18 మిల్లీమీటర్లు వస్తుంది. 20 డిగ్రీలు కావాలంటే టీడీసీ గీత నుంచి 43.6 మిల్లీమీటర్ల దూరంలో గీత పెట్టాలి. ఏ వైపు? ఇంజిన్ తిరుగుతున్నప్పుడు పాయింటర్‌ను టీడీసీ గీత కన్నా ముందు చేరే వైపు. ఇక్కడ తప్పితే 40 డిగ్రీల తేడా వస్తుంది కాబట్టి తిప్పి చూసుకుని గీయండి.

చుక్క పట్టడం

ఒకటో ఎలిమెంటు నాజిల్ పైపు విప్పండి. చాలా పంపుల్లో ఒకటో ఎలిమెంటు డ్రైవ్ వచ్చే వైపు ఉంటుంది. డెలివరీ వాల్వ్ హోల్డర్ విప్పి, లోపలి స్ప్రింగ్, వాల్వ్ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో పెట్టండి. హోల్డర్ ఒక్కటే తిరిగి బిగించి, దానికి కొంగమెడ పైపు తగిలించండి.

డబ్బా నుంచి పంపు ఇన్లెట్‌కు డీజిల్ వదలండి. రిటర్న్ పైపు తాత్కాలికంగా మూయండి, లేకపోతే డీజిల్ అటే పోతుంది. ఫీడ్ పంపు చేతి ప్రైమర్‌తోనూ చేయొచ్చు. కానీ కొట్టే చెయ్యి అలిసేకొద్దీ ధార మారుతుంది. డబ్బా ధార నిలకడగా ఉంటుంది, రెండో మనిషి కూడా అక్కర్లేదు.

స్టాప్ లివర్ పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ లివర్‌ను ఫుల్‌లో కట్టండి. స్టాప్‌లో ఉంటే ప్లంజర్ గాడి రంధ్రం వైపే ఉండి ధార ఎప్పటికీ ఆగదు. ఇంకో సంగతి: కొన్ని పంపుల్లో ప్లంజర్ నెత్తిన స్టార్టింగ్ కోసం ప్రత్యేకంగా ఒక గాడి ఉంటుంది. రాక్ (ప్లంజర్లను తిప్పి డీజిల్ పెంచే, తగ్గించే కడ్డీ) స్టార్టింగ్ స్థానంలోకి వెళ్లిపోతే ఆ గాడి వల్ల ధార ఆలస్యంగా ఆగి, టైమింగ్ రిటార్డ్ అయినట్టు కనిపిస్తుంది. అలాంటి పంపులో రాక్‌ను మాన్యువల్ చెప్పిన ఫుల్ లోడ్ చోట నిలపాలి.

ఇప్పుడు కంప్రెషన్‌లో టీడీసీకి 40 డిగ్రీలకు పైగా ముందు నుంచి మొదలుపెట్టి బారుతో మెల్లగా తిప్పండి. మొదట పైపు నుంచి నిండు ధార వస్తుంది. ప్లంజర్ పైకి లేచి రంధ్రాన్ని మూస్తున్నకొద్దీ ధార సన్నబడి, తెగి, చుక్కలవుతుంది. ఇక్కడి నుంచి వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. చుక్కకూ చుక్కకూ మధ్య కొన్ని సెకన్ల ఎడం వచ్చిన చోట ఆపండి. పంపు డీజిల్ తోయడం మొదలుపెట్టేది అక్కడే. పాయింటర్ దగ్గర అంకె చదివి రాసుకోండి.

పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ చేయండి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి. రెండు డిగ్రీల తేడా వస్తుంటే కప్లింగ్‌లోనో గేర్లలోనో ఆట ఉంది, అది ముందు సరిచేయాలి. ధార అసలు ఆగకపోతే పంపు ఒక చుట్టు తేడాతో బిగించి ఉండొచ్చు. క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పి చూడండి. అక్కడ ఆగితే పంపు ఆరో సిలిండరు మీద కూర్చుందన్నమాట.

సరిచేయడం

మాన్యువల్ 20 అంటే మీకు 20 దగ్గర చుక్క ఆగాలి. 24 దగ్గరే ఆగితే అడ్వాన్స్, 16 దాకా ఆగకపోతే రిటార్డ్. పంపు క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. కాబట్టి క్రాంక్ మీద 4 డిగ్రీలు మార్చాలంటే పంపు దగ్గర కదపాల్సింది 2 డిగ్రీలే. చెవితో పెట్టేవాళ్లు లెక్క తప్పేది ఇక్కడే. పంపు దగ్గర కంటికి చాలా చిన్నగా కనిపించిన కదలిక క్రాంక్ దగ్గరికి వచ్చేసరికి రెట్టింపవుతుంది.

ఫ్లాంజ్‌తో బిగించిన పంపుకు బోల్టు రంధ్రాలు పొడవుగా ఉంటాయి. బోల్టులు వదులు చేసి, పంపు బాడీని దాని షాఫ్ట్ తిరిగే వైపుకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్, షాఫ్ట్ తిరిగే వైపే తిప్పితే రిటార్డ్. కప్లింగ్ ఉన్న పంపులో బాడీ కదలదు. అక్కడ కప్లింగ్ బోల్టులు వదులు చేసి పంపు షాఫ్ట్‌ను తిరిగే వైపు తిప్పితే అడ్వాన్స్, ఎదురు తిప్పితే రిటార్డ్. రెండింటికీ దిశ తిరగబడుతుందని గుర్తుంచుకోండి.

తేలికైన దారి ఏమిటంటే, క్రాంక్‌ను ముందుకు తిప్పుతూ సరిగ్గా 20 గీత దగ్గర ఆపి, బోల్టులు వదులు చేసి, డీజిల్ వదిలి, ధార వచ్చే వైపు నుంచి పంపును మెల్లగా తిప్పుతూ చుక్క ఆగిన చోట బిగించేయడం. బిగించాక మళ్లీ రెండుసార్లు చుక్క పట్టి చూడాలి, బోల్టు బిగిస్తుంటేనే పంపు కదిలే అవకాశం ఉంది.

ఒకటో ఎలిమెంటు సరిపోయాక మిగతావి వాటంతటవే సరిగా ఉండాలి. ఆరు ఎలిమెంట్ల పంపులో ఒకదాని తర్వాత ఒకటి పంపు మీద 60 డిగ్రీల ఎడంతో మొదలవుతాయి. అలా లేదని అనుమానమొస్తే షెడ్డులో కెలకొద్దు. అది బెంచి మీద, పంపు మేస్త్రి చేయాల్సిన పని.

తిరిగి బిగించడం

వాల్వ్, స్ప్రింగ్, కొత్త వాషర్ పెట్టి హోల్డర్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి. అతిగా బిగిస్తే బ్యారెల్ వంకరపోయి ప్లంజర్, రాక్ పట్టేస్తాయి. బిగించాక స్టాప్ లివర్ లాగి వదలండి, రాక్ సులువుగా ఆడాలి. ఆడకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, పరుగు అందుకుంటే ఆగదు.

రిటర్న్ పైపు తెరిచి, ఫిల్టరు దగ్గర, పంపు దగ్గర గాలి తీయండి. నాజిల్ నట్లు వదులుగా ఉంచి, బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టి, డీజిల్ వచ్చాక బిగించండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి స్టాప్ కేబుల్ దగ్గర నిలబడాలి.

ఘాటీలో పరీక్ష

షెడ్డులో ఖాళీ బండి రేస్ చేసి చూస్తే ఏమీ తెలియదు. సాలూరు దాటి సుంకి మీదుగా పొట్టంగి, కోరాపుట్ వెళ్లే జాతీయ రహదారి 26 మీద మామూలు లోడుతో ఎక్కించండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, బరువు మీద వంపు తిరిగేటప్పుడు వినండి, అద్దంలో పొగ చూడండి. లోడు మీద లేత బూడిదరంగు పొగ పాత బండికి మామూలే. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే రిటార్డ్‌నూ, కంప్రెషన్‌నూ అనుమానించాలి. టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలిచిందో, ఏ మలుపులో ఏ గేరు పడిందో డ్రైవరు చేత రాయించండి.

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి మైదానంలో కన్నా దాదాపు 8 శాతం పలుచన. టర్బో లేని ఇంజిన్‌కు ఆ మేరకు గాలి తగ్గుతుంది, పొగ కాస్త పెరుగుతుంది, పికప్ కాస్త తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. పై ఊళ్లలో కొందరు దీనికోసం టైమింగ్ ముందుకు జరుపుతారు, పంపు మీది స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతారు. కానీ ఆ బండే రేపు విజయనగరం దిగి, మే నెల ఎండలో సిమెంటు వేసుకుని మళ్లీ ఎక్కాలి. మైదానపు చిక్కటి గాలిలో ఆ అదనపు అడ్వాన్స్ పిస్టన్ నెత్తినే పడుతుంది. కిందా పైనా తిరిగే బండికి కంపెనీ అంకె దగ్గరే ఉంచడం మంచిది. ఘాటీలో ఒక గేరు దించి ఎక్కించమని డ్రైవరుకు నచ్చజెప్పడం కూడా మేస్త్రి పనే.

అలాగే పుష్యమాసపు తెల్లవారుజామున సెమిలిగుడలో చల్లగా ఉన్న ఇంజిన్ కాసేపు తెల్లపొగ వదిలితే కంగారుపడొద్దు. వేడెక్కగానే పోతే టైమింగ్ తప్పు కాదు.

పెట్రోలు ఇంజిన్ అయితే

కొండ ఊళ్లలో అక్కడక్కడా పాత విల్లీస్ రకం పెట్రోలు జీపులు మిగిలాయి. వాటికి పంపు బదులు డిస్ట్రిబ్యూటర్. హరికేన్ ఎఫ్-134 ఇంజిన్‌కు మండే వరస 1-3-4-2, టైమింగ్ టీడీసీకి 5 డిగ్రీల ముందు. ముందు డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును తెంచే పాయింట్ల ఎడం 0.5 మిల్లీమీటర్లు పెట్టాలి, ఆ ఎడం మారితే టైమింగ్ కూడా మారుతుంది. తర్వాత ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో 5 డిగ్రీల గుర్తు దగ్గర ఇంజిన్ ఆపి, 12 వోల్టుల వైరింగ్ అయితే 12 వోల్టుల బల్బు, 6 వోల్టులదైతే 6 వోల్టుల బల్బు తీసుకుని, దాని ఒక తీగ పాయింట్ల టెర్మినల్‌కు, ఒకటి బాడీకి తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. డిస్ట్రిబ్యూటర్‌ను దాని రోటర్ తిరిగే వైపుకు ఎదురుగా మెల్లగా తిప్పితే, పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించండి.

చివరగా రాసి పెట్టాల్సినవి

టైమింగ్ సరిపోయాక పంపు ఫ్లాంజ్ మీద, ఇంజిన్ మీద ఒకే గీతగా ఉలితో సన్నని గుర్తు వేయండి. పాత గుర్తులు ఉంటే వాటిని ఆకురాయితో చెరిపేయండి, రెండు గుర్తులుంటే తర్వాతి మేస్త్రి తికమకపడతాడు. చుక్క ఆగిన డిగ్రీ, తేదీ, కిలోమీటర్లు, నాజిల్ ప్రెషర్ బండి పుస్తకంలో రాయండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పంపు బోల్టులు ఒకసారి టార్క్ రెంచితో చూసి, ఉలి గీత కదిలిందేమో గమనించండి. కదలకపోతే, మళ్లీ పంపు దించే దాకా దాన్ని ముట్టుకోనక్కర్లేదు.